పదకొండు సెకన్ల నోరు

సెప్టెంబర్ 10, మంగళవారం

పదకొండు సెకన్లు. శనివారం పెళ్లిలో నేను ముప్పావు గంట పాడాను. ఆ నూర్తాస్ వెధవ అందులోంచి పదకొండు సెకన్లు కోసి జనం ఫోన్లలోకి వదిలాడు.

మా కిండర్‌గార్టెన్ వంటావిడ రఖియా చూపించింది. బల్‌జాన్, ఫేమస్ అయిపోయావు కదే, మాకు విందు ఎప్పుడు, అంటూ ఫోన్ నా ముక్కుకి ఆనించింది. చూశాను. పెళ్లికూతురి ముసుగు ముందు రెండు తీగల దోంబ్రా పట్టుకుని నిలబడి ఉన్నాను. అత్తగారి మీద ఏదో చమత్కారం పాడాను, జనం నవ్వారు, నేనూ నవ్వాను. సరిగ్గా అక్కడ ఆపాడు. నా నోటిని దగ్గరికి లాగాడు. ఇంకా దగ్గరికి లాగాడు. పైవరసలో ఉన్న నా నాలుగు బంగారు పళ్ళు తెరంతా నిండిపోయాయి. ఒక్కో పంటి మీద ఒక్కో మెరుపు అంటించి, మెరుపు మెరుపుకీ డింగ్ అని చప్పుడు పెట్టాడు. డింగ్, డింగ్, డింగ్, డింగ్. కింద రాశాడు, బ్యాంకు తెరిచారు రండి, అని.

పాట ఏది? లేదు. పాట ఎవడిక్కావాలి?

మా కజఖ్ పెళ్లిళ్ళలో బెతాషర్ అంటే ముఖం తెరిచే పాట, వెక్కిరింత కాదు. ముసుగులో నిలబడ్డ పిల్లకి అత్తింటివాళ్ళని ఒక్కొక్కరినే పాటలో పరిచయం చేస్తాను. ఆమె ఒక్కొక్కరికీ వంగి సలాం చేస్తుంది. చివర్న దోంబ్రా కొసతో ముసుగు ఎత్తుతాను. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్నాను. ఈ తరాజ్ ఊళ్ళో ఎంతమంది కోడళ్ళ ముఖం మొదట చూపించానో నాకే తెలియదు.

నూర్తాస్‌కి ఫోన్ చేశాను. వాడు పెళ్లిళ్ళలో వీడియో తీస్తాడు, నేను పాడే చోటల్లా వాడే ఉంటాడు. అపా, నా అక్కలాంటివారు, కోప్పడకండి, ప్రేమతో పెట్టాను, జనానికి మీరంటే ప్రాణం, అన్నాడు. తీసెయ్యరా అన్నాను. ఇప్పుడు తీస్తే నా పేజీ పడిపోతుంది అపా, అన్నాడు. నా పరువు పడినా ఫర్వాలేదు, వాడి పేజీ మాత్రం పడకూడదు. వాడి మొహం మండ.

సెప్టెంబర్ 11

రెండు లక్షల పదివేల మంది. మా ఊరి జనాభాలో సగం.

సెప్టెంబర్ 14, శనివారం

ఇవాళ పెళ్లిలో నేను గుమ్మం దాటేలోపలే ఎవరో డింగ్ అన్నారు. పెళ్లికొడుకు పిన్నట. నలభై దాటిన మనిషి, మెడలో మూడు వరసల ముత్యాలు. సిగ్గులేదు.

పాట మొదలుపెట్టాను. ఫోన్లన్నీ లేచాయి. మామూలుగా అవి ముసుగు వైపు తిరిగి ఉంటాయి. ఇవాళ నా వైపు తిరిగాయి. పెళ్లికూతురు పాపం వంగుతోంది, లేస్తోంది, వంగుతోంది. ఆమెని చూసే దిక్కు లేదు. అపా నవ్వండి, అపా ఒక్కసారి నవ్వండి, అని ఒకటే గోల. నేను మామగారి గురించి పాడుతుంటే ఆ మామగారే మీసం దువ్వుకుంటూ, పాట తరవాత, ముందు నవ్వు చూపించండి, అన్నాడు.

మా దగ్గర కొత్త కోడలి ముఖం ఊరికే చూడకూడదు. ముసుగు ఎత్తగానే చూసినవాళ్ళు ఏదో ఒకటి చదివించాలి, తలగుడ్డో, ఉంగరమో, గొర్రెపిల్లో. కోరిమ్దిక్ అంటాం, ముఖం చూసినందుకు ఇచ్చుకునేది. ఏమీ లేని ముసలమ్మ కూడా చేతిరుమాలు ఒకటి పట్టుకొస్తుంది. ఉత్త చేతులతో చూస్తే ఆ పిల్లని అవమానించినట్టే. నా ముఖం ఇప్పటికి మూడు లక్షల మంది చూశారు. ఒక్కడు ఒక్క రుమాలు ఇచ్చాడా? పైగా చూసి, నోట్లో ఉమ్మేసి పోయారు.

ఇవాళ నవ్వలేదు. ఇంటికొచ్చాక తొక్తార్ మీద అరిచాను. ఆయన ఏం చేశాడని? ఏమీ లేదు. ఎదురుగా కూర్చుని మాంసం నములుతున్నాడు, అంతే. మొగుడై పుట్టినందుకు తిట్లు కూడా తినాలి మరి.

సెప్టెంబర్ 15, ఆదివారం

రాయకూడదనుకున్నాను గానీ రాస్తాను, ఎవరు చూడొచ్చారు.

పొద్దున్నే కామెంట్లు చదవడానికి కూర్చున్నాను. టీ నీళ్ళు పొయ్యి మీద పెట్టి మరిచిపోయాను. కెటిల్ అడుగంటి వాసన వచ్చేదాకా చదివాను. ఒకడు: ఈవిడ ఆవులిస్తే కళ్ళు మూసుకోవాలి. ఒకడు: పోయాక పళ్ళు ఎవరికి రాసింది? ఒకామె, పాపం మంచిదే, పేరు పక్కన గువ్వ బొమ్మ కూడా ఉంది: పాట బాగుంది, కానీ ముఖం తోలు లాగా ఉంది. ఆ కానీ ఎందుకమ్మా నీకు?

నాలుగు వందలు చదివాను. వాటిలో పాట గురించి ఏడు. ఆ ఏడూ మరిచిపోయాను. మిగిలిన మూడు వందల తొంభై మూడూ నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.

తరవాత ఇంకో పని చేశాను. మా అమ్మాయి మరాల్ నా ఫోన్‌లో ఎప్పుడో ఒక ఫిల్టర్ పెట్టింది, దాన్ని తెరిచాను. యాభై రెండేళ్ళు ముప్పై అయ్యాయి. బంగారం పోయి తెల్లటి పళ్ళు వచ్చాయి. ఎడమ వైపు నుంచి చూసుకున్నాను, కుడి వైపు నుంచి చూసుకున్నాను. బాగుంది. అదే నాకు కోపం. బాగుంది అనిపించింది. ఫోన్ దింపి గోడ అద్దంలో చూసుకుంటే అక్కడెవరో ముసలిది ఉంది. నిన్నటిదాకా ఆవిడతో నాకే తగువూ లేదు.

సెప్టెంబర్ 17, మంగళవారం

పిల్లలకి తెలిసిపోయింది. పియానో ముందు కూర్చుని పాట నేర్పుతూ నోరు తెరిచాను. ముందు వరసలో రెండు జడల పిల్ల డింగ్ అంది. గది మొత్తం డింగ్ డింగ్. ఐదేళ్ళ పిల్లలు. వాళ్ళకేం తెలుసు. వాళ్ళ అమ్మల్ని మాత్రం వరసగా నిలబెట్టి చెంపలు వాయించాలనిపించింది.

పాట ఆపేసి బొమ్మలు గీయించాను. నేను సంగీతం టీచర్ని.

సెప్టెంబర్ 19, గురువారం

ఇప్పుడు మరాల్ మీద పడ్డారు.

మరాల్‌కి పందొమ్మిది. బజారులో సౌందర్య సామాను దుకాణంలో కౌంటర్ దగ్గర నిలబడుతుంది. లిప్‌స్టిక్కులు పూసుకుని వీడియోలు పెడుతుంది, చూసేవాళ్ళు మూడు వేల మంది. ఆ మూడు వేలమందికీ అన్నం పెట్టి పెంచినట్టు వాళ్ళ మాటే దానికి మాట. దానికి ముందు పళ్ళ మధ్య చిన్న సందు ఉంది, అచ్చం వాళ్ళ నాన్నకున్నట్టు. పుట్టిన పన్నెండో నెలలో ఆ రెండు పళ్ళూ వచ్చినప్పుడు తొక్తార్ ఊరంతా ఎత్తుకు తిప్పాడు, నా సంతకం చూడండి అంటూ.

ఎవడో కనిపెట్టాడు, ఈ పిల్ల ఆ బంగారు నోటి అపా కూతురని. దాని వీడియో కింద రాశాడు: తల్లి నోరు బ్యాంకు, కూతురి నోటికి తలుపే లేదు. దానికి తొమ్మిది వందల మంది నవ్వు బొమ్మలు పెట్టారు.

మరాల్ వచ్చి బూట్లు కూడా విప్పకుండా మంచం మీద పడింది. అన్నానికి లేవలేదు. పక్కన కూర్చుని తల నిమరబోతే చెయ్యి తోసేసింది. అసలు అంత నోరు ఎందుకు తెరుస్తావమ్మా, అందరూ పాడతారు, నీలాగా గొంతులో పేగులు కనబడేట్టు ఎవరూ పాడరు, అంది.

నన్ను ఏమన్నా సహిస్తాను. నా నోరు తెరవొద్దంటే? ఆ నోటితో పాడే దాని స్కూలు బట్టలు కొన్నాను.

సెప్టెంబర్ 21, శనివారం

నోరు తెరవకుండా పాడాను. పెదాలు పళ్ళ మీద కప్పుకుని, దొంగతనంగా. గొంతు బయటికి రాలేదు, ముక్కులోకి పోయింది. ముందు వరసలో ఒక ముసలాయన లేచి వచ్చి, తల్లీ జలుబా, అన్నాడు. నీ పాట వినడానికే పెద్ద కోడలి ఇంటి నుంచి ప్రత్యేకంగా వచ్చాను, అన్నాడు. జలుబే తాతా అన్నాను.

ఈ వారం ఐదు పెళ్లిళ్ళకి పిలిచారు. ఇదివరకు నెలకి మూడే. ఐదుగురూ ఒకే మాట, ఆ బంగారు నోటి అపా మీరేనా అండీ. ఒకావిడ, పాట చిన్నదైనా ఫర్వాలేదు, నవ్వు మాత్రం ఉండాలి, అంది. కోతిని ఆడించేవాడు కూడా కోతినడిగే తాళం వేస్తాడు.

ఐదింటికీ సరేనన్నాను. అదీ నా రోషం.

సెప్టెంబర్ 24, మంగళవారం

మరాల్ సంచిలో కాగితం దొరికింది. పళ్ళ క్లినిక్‌ది. అక్టోబర్ 4, శుక్రవారం, ఉదయం పది గంటలు. పైవరస పది పళ్ళు అరగదీసి తెల్ల తొడుగులు వేయడం.

పది. ఒక్కటి కూడా పుచ్చలేదు.

సెప్టెంబర్ 25, బుధవారం

అడిగాను. అడగడం అంటే, అరిచాను.

మరాల్ అరవలేదు. అదే ఇంకా ఒళ్ళు మండించింది. దుకాణంలో కొనడానికొచ్చిన వాళ్ళకి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. అమ్మా, ఇప్పుడందరూ చేయించుకుంటున్నారు, నొప్పి ఉండదు, రెండు గంటల్లో అయిపోతుంది, నా జీతంతో నేను చేయించుకుంటున్నాను. నీవి పుచ్చిపోతే బంగారం పెట్టించుకున్నావు, నావి సందు పడ్డాయని తెల్లవి పెట్టించుకుంటున్నాను, తేడా ఏముంది, అంది.

లేచి వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోముకున్నాను. ఇరవై రెండేళ్ళుగా ఏ అత్తగారు ఏ మాటన్నా అక్కడికక్కడ పాటలో జవాబిచ్చిన దాన్ని.

ఎందుకంటే అది అబద్ధం. నా పళ్ళు పుచ్చలేదు. ఎవరికీ చెప్పలేదు, ఇక్కడే రాస్తున్నాను.

1990. నాకు పద్దెనిమిది. మా ప్రభుత్వ పొలంలో మేస్త్రీ కూతురు కుల్యాష్ రాజధాని అల్మా-ఆతా వెళ్ళి రెండు బంగారు పళ్ళతో దిగింది. అంతకుముందు చేత్తో నోరు మూసుకుని నవ్వే పిల్ల, ఆ వేసవంతా నోరు మూయలేదు. కొళాయి దగ్గర నీళ్ళు పట్టుకునే ఆడవాళ్ళు బిందెలు పొంగిపోతున్నా చూడకుండా దాన్నే చూసేవారు. అదిగో పిల్లంటే అలా మెరవాలి, అనేవారు. నా పక్కన నిలబడే అనేవారు. శరదృతువులో నా పెళ్లి. ఉత్త ఎముక పళ్ళతో ఎలా వెళ్ళను? అన్నం మానేశాను. మా అమ్మ ఏడ్చి, తిట్టి, చివరికి మా అమ్మమ్మ చెవిపోగులు తీసి ఇచ్చింది కరిగించమని.

పళ్ళు కట్టేవాడు జిల్లా ఊరి నుంచి కారులో వచ్చాడు. దుకాణం వెనక గదిలో కూర్చోబెట్టాడు. బయట ఇంకో ఆరుగురు పిల్లలు వరసలో ఉన్నారు, అందరివీ నిక్షేపం లాంటి పళ్ళే. వాడు నా నోట్లోకి చూసి, ఇంత మంచి పళ్ళు పాడు చేస్తున్నావేమ్మా, అన్నాడు. అని, ఆకురాయి ఆడించాడు. సూది మందు సగమే పట్టింది. కాలిన ఎముక వాసన వచ్చింది, నా ఎముకే. నాలుగు పళ్ళు. బయటికొచ్చి గోడకి ఆనుకుని రక్తం ఉమ్మేశాను, ఉమ్మేసి నవ్వాను. వరసలో ఉన్న పిల్లలందరూ నా నోట్లోకే చూశారు. ఆ క్షణం ఎంత బాగుందో! దానికోసం ఇంకో నాలుగు పళ్ళు ఇచ్చేదాన్నే.

మరాల్ చిన్నప్పుడు అడిగితే పుచ్చాయని చెప్పాను. మిఠాయిలు తినేదాన్నని చెప్పి దాని చేత మిఠాయిలు మాన్పించాను కూడా. ఆ అబద్ధం ఎంత బాగా పనిచేసిందంటే, చివరికి నేనే నమ్మేశాను.

ఫోన్లని తిడుతున్నాను రెండు వారాలుగా. ఆ రోజుల్లో ఫోన్ ఎక్కడుంది? కొళాయి ఉంది. దాని దగ్గర ఇరవై మంది ఉండేవారు, దీని దగ్గర మూడు లక్షలు. అంతే తేడా. కాదు, ఇంకోటుంది. కొళాయి దగ్గర నుంచి ఇంటికొచ్చి తలుపు వేసుకోవచ్చు.

సెప్టెంబర్ 27, శుక్రవారం

చెప్పాను. అంతా చెప్పాను, కుల్యాష్, చెవిపోగులు, ఎముక వాసన. నిజం చెబితే ఆగిపోతుందనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని.

మరాల్ కళ్ళు విప్పార్చి విని, చివర్న అంది: అయితే నీకూ అందం కావాల్సొచ్చింది, నాకు మాత్రం వద్దా? నువ్వేమైనా చచ్చిపోయావా, మంచి మొగుడొచ్చాడు, ముప్పై నాలుగేళ్ళు నవ్వుకున్నావు. నీ బంగారం ఇప్పుడు పాతబడింది, అంతే కదా. నాది పాతబడేసరికి ఇంకేదో వస్తుంది, అది పెట్టించుకుంటా.

చెయ్యి లేపాను. కొట్టలేదు. లేపానంతే.

కొట్టు, నీ వల్లే కదా నాకీ ఖర్మ, అంది. బట్టలు సంచిలో కుక్కుకుని దాని స్నేహితురాలు దిల్నాజ్ ఇంటికి వెళ్ళిపోయింది. గుమ్మంలో నిలబడి వెళ్ళకే అని అరిచాను. పై అంతస్తులో ఎవరో కిటికీ తెరిచి చూశారు. ఫోన్ పట్టుకుని కూడా ఉంటారు, చూసుకోనీ.

సెప్టెంబర్ 28, శనివారం

పెళ్లికి వెళ్ళలేదు. నిజంగానే జలుబని చెప్పాను.

సాయంత్రం తొక్తార్ టీ పోసి ఇచ్చాడు. పెళ్లయిన ఇన్నేళ్ళకి ఆయన పోసిన రెండో టీ. పాలు ఎక్కువయ్యాయి. అన్నాను ఆయనతో, దానికి చెప్పవయ్యా, నీ సందు కూడా పోగొట్టుకోబోతోంది, అని. ఆయన గడ్డం గోక్కుని, చెబితే వింటుందా, నువ్వు విన్నావా, అన్నాడు. నాకెవరు చెప్పారు అన్నాను. అప్పుడన్నాడు మహానుభావుడు, నాకసలు ఆ బంగారం ఎప్పుడూ నచ్చలేదు బల్‌జాన్, మొదటిసారి నవ్వితే జడుసుకున్నాను, మీ అమ్మ పెట్టించిందేమో, బాధపడతావేమోనని ఊరుకున్నాను, అని.

ముప్పై నాలుగేళ్ళు!

చూపులప్పుడు దూరం నుంచి చూశాడట, నేను ఎవరితోనో పోట్లాడుతున్నానట, గొంతు నచ్చిందట. పళ్ళు చూడలేదట. ఆయన కోసం అరగదీయించుకున్న పళ్ళు ఆయనకి అసలు అక్కర్లేదట. టీ గ్లాసు గోడకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు, ఎత్తేది నేనే కదా. ఏడుపొచ్చింది. ఆయన కంగారుపడి, ఇప్పుడు అలవాటైపోయిందిలే, బాగున్నాయిలే, అన్నాడు. నోరు ముయ్యవయ్యా అన్నాను.

సెప్టెంబర్ 30, సోమవారం

పదహారు సార్లు ఫోన్ చేశాను. ఎత్తదు. మెసేజ్ పెడితే చూసినట్టు వస్తుంది, జవాబు రాదు. దుకాణానికి వెళ్తే వెనక గదిలోకి దూరింది. దాని పక్క పిల్ల నన్ను చూసి, మరాల్ భోజనానికెళ్ళింది ఆంటీ, అంది. ఉదయం తొమ్మిదింటికి ఏం భోజనం.

మళ్ళీ వీడియోలు మాత్రం గంటకోటి. నేను ఎదురుగా నిలబడి అరిచినా వినని పిల్ల, ఆ పెట్టెలో ఎవడేమన్నా వింటుంది. దాని చెవులు అక్కడున్నాయి. అక్కడే చెప్పాలేమో.

అక్టోబర్ 1

కొరివితో తల గోక్కోవడమే. తెలుసు.

అక్టోబర్ 2, బుధవారం, ఉదయం 11

పళ్ళ డాక్టర్ దగ్గర నుంచి రాస్తున్నాను, వరండా బెంచీ మీద.

మరాల్ వెళ్ళబోయే తళతళల క్లినిక్ కాదు. మా వీధి చివర ముసలి రష్యన్ డాక్టరమ్మ, వాలెంతీనా పెత్రోవ్నా. నాలుగూ తీసెయ్యండి అన్నాను. నొప్పుందా అంది. లేదన్నాను. మరెందుకు తల్లీ, కింద ఏం మిగిలిందో నేను చెప్పలేను, వీటిని కదపకుండా ఉంటే నీతోపాటే పోయేవి, అంది. తీసెయ్యండి అన్నాను. ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకుని నా ముఖం చూసింది. ఆ వీడియో ఆవిడా చూసిందేమో.

తొడుగుల్ని నిలువునా కోసింది. మూడు ఊడొచ్చాయి. నాలుగోది పంటిని కూడా పట్టుకుని వచ్చేసింది. బంగారాన్ని దూదిలో చుట్టి నా చేతిలో పెట్టింది, మా అమ్మమ్మ చెవిపోగులు. అద్దం ఇవ్వండి అన్నాను. ఇప్పుడొద్దమ్మా, సాయంత్రం నాలుగింటికి రా, ప్లాస్టిక్‌వి తాత్కాలికంగా అంటిస్తాను, అప్పుడు చూసుకో, అంది. ఇవ్వండి అన్నాను.

మూడు మోళ్ళు. చెక్కీ చెక్కీ అరిగిపోయిన పెన్సిళ్ళలాగా. రెండు గోధుమ రంగు, ఒకటి నలుపు. నాలుగో చోట చిగురు, దాని కింద విరిగిన అంచు. పద్దెనిమిదేళ్ళప్పుడు వీటితో వాల్‌నట్ కాయలు పగలగొట్టేదాన్ని. ముప్పై నాలుగేళ్ళు నవ్వుతున్నానని అనుకున్నాను. నవ్వింది చెవిపోగులు. నేను వాటి కింద చచ్చి పడున్నాను.

నూర్తాస్‌కి ఫోన్ చేశాను. పది నిమిషాల్లో రాకపోతే నీ పెళ్లిలో బెతాషర్ నేనే పాడతాను జాగ్రత్త, అన్నాను.

అదే రోజు, మధ్యాహ్నం 1

వచ్చాడు. నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. ఏమైంది అపా, ఎవరు కొట్టారు, అన్నాడు. నువ్వే అన్నాను. ముందు పళ్ళు లేక మాట ఈలలా పోతోంది. వీడియో తియ్యి, ఆ రోజు దగ్గరికి లాగావుగా, ఇంకా దగ్గరికి లాగు. మెరుపు పెట్టావో, డింగ్ అని పెట్టావో, చేతులు విరిచేస్తాను. ఒక్క ముక్క కొయ్యకు, అన్నాను.

అపా, జనం జడుసుకుంటారు, మీ పేరు పాడైపోతుంది, అన్నాడు. పేరు గురించి వీడు చెప్పాలి నాకు! క్లినిక్ గోడకి ఆనుకుని నిలబడి నోరు తెరిచాను. ఎండ నేరుగా లోపలికి పడేట్టు తల ఎత్తాను. చెప్పాను, ఇవి నా పళ్ళు, పద్దెనిమిదో ఏట ఒక్కటి కూడా పుచ్చలేదు, అందం కోసం నేనే అరగదీయించుకున్నాను, వాటి మీద మీరందరూ నవ్వారు. పుచ్చాయని నా కూతురికి అబద్ధం చెప్పాను. మరాల్, చూడు, బాగా చూడు, వాళ్ళు నీకు పైన పెట్టబోయేదే చూపిస్తారు, కింద మిగిలేది ఇదీ, అని.

తీయడం అయ్యాక ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. క్షమించండి అపా, అన్నాడు. క్షమించలేదు. పోస్ట్ చెయ్యి అన్నాను.

అక్టోబర్ 3, గురువారం

బంగారం మూడు లక్షలు పరిగెత్తింది. మొండి పళ్ళు పన్నెండు వేల దగ్గర కూలబడ్డాయి. నవ్వడానికి ఏమీ లేదుగా.

వాంతి బొమ్మలు చాలా పెట్టారు. ఒకడు, అన్నం తింటూ చూశాను ఛీ, అన్నాడు. తినేటప్పుడు ఫోన్ ఎందుకురా నీకు? ఒకామె రాసింది, మా అమ్మవి కూడా ఇలాగే ఉంటాయి, మాకు ఎప్పుడూ చూపించలేదు, అని. దాని కింద ఇంకొకరు, మా అత్తవి. దాని కింద ఇంకొకరు, నావి. చదువుతూ పోతే ఆగలేదు. ఒకామె పేరు కుల్యాష్. మా కుల్యాషో కాదో తెలియదు. ఆమె ఏమీ రాయలేదు, ఒక చుక్క పెట్టింది.

శనివారం పెళ్లివాళ్ళు ఫోన్ చేశారు. బంగారం మళ్ళీ పెట్టించుకుంటారా, లేకపోతే మేం వేరే ఎవరినైనా చూసుకుంటాం, అన్నారు. చూసుకోండి అన్నాను. తలుపు ధడాల్న వేసినంత హాయిగా ఉంది.

చూసినవాళ్ళ పేర్లలో మరాల్ పేరు ఉందని నూర్తాస్ చెప్పాడు. ఫోన్ రాలేదు. తొక్తార్, రేపు పొద్దున్నే క్లినిక్ గుమ్మంలో పడుకుంటాను, నన్ను తొక్కి వెళ్ళమను, అన్నాడు. వద్దన్నాను. నన్ను మా అమ్మ గుమ్మంలో పడుకుని ఆపి ఉంటే ఆవిడ్ని దాటి వెళ్ళేదాన్ని. ఇక దాని నోరు, దాని ఇష్టం. ఈ మాట రాయడానికి ఎంత కోపంగా ఉందో.

అక్టోబర్ 4, శుక్రవారం, ఉదయం 10.25

తలుపు చప్పుడైంది. మరాల్. నా ముఖం చూడకుండా బూట్లతోనే వంటింట్లోకి వెళ్ళింది. బుట్టలోంచి ఆపిల్ తీసి, కడగనైనా కడగకుండా, ముందు పళ్ళతో కొరికింది. ఇల్లంతా వినబడింది. నా ప్లాస్టిక్ పళ్ళతో నేను దేన్నీ కొరకకూడదట.

ఇంకోటి తినవే అన్నాను.